కౌంటర్ సిస్టమ్ ఐపీ అడ్రస్‌ను ప్రోగ్రామే చెప్పాలంటే

నేను చిన్న హోటళ్లకు, టిఫిన్ సెంటర్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తుంటాను. కౌంటర్ మీద విండోస్ సిస్టమ్, ఆర్డర్లు తీసుకునే కుర్రాళ్ల చేతుల్లో ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు. ట్యాబ్‌లో కౌంటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్‌ను గుర్తించే నంబర్) కొడితేనే రెండూ కలుస్తాయి. ఉదయం ఎనిమిదింటికి, ఇడ్లీల రద్దీలో ఓనర్ ఫోన్ చేసి "ట్యాబ్ పట్టట్లేదు బాబూ" అంటే, ఆయన చేత కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి అడ్రస్ చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టించడం అయ్యే పని కాదు. అడ్రస్ ప్రోగ్రామే కనుక్కుని తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించాలి.

సిస్టమ్ పేరు తీసుకుని, ఆ పేరుకు ఐపీ అడిగే రెండు లైన్ల కోడ్ నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. ఉబుంటు, డెబియన్లలో చాలాసార్లు 127.0.1.1 అని వస్తుంది, అది బయటి ట్యాబ్‌లకు పనికిరాదు. విండోస్‌లో వర్చువల్‌బాక్స్ (సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్ నడిపే ప్రోగ్రాం) ఉంటే దాని 192.168.56.1 రావచ్చు. ఒక సిస్టమ్‌కు ఒకే అడ్రస్ ఉంటుందనుకోవడంలోనే తిరకాసు ఉంది. మొత్తం జాబితా తెచ్చుకుని, పనికిరానివి మనమే తీసేయాలి.

పైథాన్‌లో అయితే పీఎస్‌యుటిల్ ప్యాకేజీని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. అందులో నెట్_ఇఫ్_యాడర్స్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే ఒక డిక్షనరీ వస్తుంది. కీ ఇంటర్‌ఫేస్ (వైఫై, కేబుల్ కార్డు లాంటి నెట్‌వర్క్ దారి) పేరు, దాని విలువ అడ్రస్‌ల లిస్టు. ఉదాహరణకు 'ఈథర్‌నెట్' కింద మూడు వరసలు ఉంటాయి: ఒకటి మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ నంబర్), ఒకటి 192.168.1.10, ఇంకొకటి ఎఫ్ఈ80తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్. ఏది ఏ రకమో ప్రతి వరసలోని ఫ్యామిలీ ఫీల్డ్ చెబుతుంది. మనకు కావాల్సింది ఏఎఫ్_ఐనెట్ (అంటే ఐపీవీ4, 192.168.1.10 లాంటిది) ఉన్న వరస.

ఇక ఏరివేత. నెట్_ఇఫ్_స్టాట్స్ అనే ఇంకో ఫంక్షన్‌లో ఈజ్‌అప్ అని ఉంటుంది; అది ఫాల్స్ అయితే ఆ ఇంటర్‌ఫేస్‌ను వదిలేయండి. 127తో మొదలయ్యేది లూప్‌బ్యాక్, అంటే సిస్టమ్ తనతో తను మాట్లాడుకునే అడ్రస్, అదీ అక్కర్లేదు. 169.254తో మొదలయ్యేదాన్ని మాత్రం చప్పుడు చేయకుండా తీసేయొద్దు. డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రస్‌లు పంచే పద్ధతి) నుంచి అడ్రస్ దొరక్క సిస్టమ్ తనే పెట్టుకున్న నంబర్ అది. తెర మీద "రౌటర్ నుంచి అడ్రస్ రాలేదు, కేబుల్ చూడండి" అని రాస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లను (కార్డు లేకుండా సాఫ్ట్‌వేర్ సృష్టించేవి) పేరు చూసి పట్టుకోవడం విండోస్‌లో కష్టం, ఎందుకంటే 'ఈథర్‌నెట్ 2' అన్నది నిజమైన కార్డైనా కావచ్చు, వర్చువల్‌ది అయినా కావచ్చు. లైనక్స్‌లో ఈ బాధ తక్కువ. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దానిలో నెట్ తెరిస్తే ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. అందులో డివైస్ అనే లింక్ ఉంటే మామూలుగా అది అసలు కార్డు. లూప్‌బ్యాక్‌కు, డాకర్ (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకునే బ్రిడ్జి అనే వర్చువల్ ఇంటర్‌ఫేస్‌కు ఆ లింక్ ఉండదు.

సీ భాషలో రాసేవాళ్లకు ఇదే జాబితా ఇచ్చే గెట్ఇఫ్‌యాడర్స్ ఫంక్షన్ లైనక్స్‌లో ఉంది. అది లింక్డ్ లిస్టు ఇస్తుంది. నెక్స్ట్ పాయింటర్ పట్టుకుని చివరిదాకా నడవాలి. ఒకే ఇంటర్‌ఫేస్ పేరు రెండు మూడుసార్లు వస్తుంది, కంగారు పడొద్దు: ఇక్కడ ఒక్కో నోడ్ ఒక్కో అడ్రస్‌కు. అడ్రస్ పాయింటర్ నల్ కావచ్చు కాబట్టి ఫ్యామిలీ చదివే ముందే చెక్ పెట్టండి. వీపీఎన్ నడిచే సిస్టమ్‌ల మీద ప్రోగ్రాం క్రాష్ అయిందంటే నేను మొదట ఈ లైనే వెతుకుతాను. పని అయ్యాక ఫ్రీఇఫ్‌యాడర్స్ పిలవాలి. ఆండ్రాయిడ్‌లో ఇది ఏపీఐ లెవెల్ 24 (ఆండ్రాయిడ్ 7.0) నుంచే ఉంది. విండోస్‌లో గెట్‌అడాప్టర్స్‌అడ్రసెస్ వాడాలి. మొదటే 15 కేబీ బఫర్ ఇవ్వండి, చాలలేదని ఎర్రర్ వస్తే అది చెప్పిన సైజుతో మళ్లీ పిలవండి.

వడకట్టాక కూడా వైఫై, కేబుల్ రెండూ మిగిలితే ప్రోగ్రాం ఒకటి ఎంచుకోకుండా రెండూ పేర్లతో చూపించడమే నాకు నచ్చిన పద్ధతి. కుర్రాళ్లు ఒకటి పట్టకపోతే రెండోది కొడతారు. డీహెచ్‌సీపీ అడ్రస్ మారుతుంది కాబట్టి జాబితాను స్టార్ట్ అయినప్పుడు ఒక్కసారే కాకుండా, నిమిషానికోసారి మళ్లీ చదవండి.

సరైన అడ్రస్ కొట్టినా ట్యాబ్ పట్టకపోతే ఇంటర్‌ఫేస్‌ల జాబితాను అనుమానించకండి. మీ సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటోందేమో చూసి 0.0.0.0కి (అంటే అన్ని అడ్రస్‌ల మీదా వినేలా) మార్చండి. అప్పటికీ కాకపోతే విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడండి.