సోహం జపం: ఊపిరి దారిన ఊపిరిని పోనివ్వండి

నిమిషానికి పదిహేను ఊపిరులు, గంటకి తొమ్మిది వందలు, రోజుకి 21,600. లెక్కల టీచరుగా రిటైరయినదాన్ని, ఈ జపం మీద నాకు ముందు గురి కుదిరింది ఈ లెక్కతోనే. ఊపిరి 'స'కారంతో లోపలికొస్తుందనీ, 'హ'కారంతో బయటికి పోతుందనీ, రాత్రీ పగలూ కలిపి జీవుడు 21,600 సార్లు ఈ మంత్రాన్ని జపిస్తూనే ఉంటాడనీ యోగచూడామణి ఉపనిషత్తు చెబుతుంది. మనం పూనుకోకుండానే సాగుతుంది కనక దీన్ని అజప అన్నారు. పొద్దున్నే ఆ జపాన్ని దేవతలకు పంచి సమర్పించే సంప్రదాయం కూడా ఉంది: మూలాధారంలో, అంటే వెన్ను అడుగున ఉందని చెప్పే శక్తి కేంద్రంలో, గణపతికి 600, ఆపైన బ్రహ్మకి, విష్ణువుకి, రుద్రుడికి తలా 6,000, జీవాత్మకి, పరమాత్మకి, గురువుకి తలా 1,000. కూడి చూసుకోండి, ఒక్కటి కూడా తేడా రాదు.

అంటే జపం ఎప్పుడో మొదలైపోయింది. మనం చేయాల్సిందల్లా కూర్చుని వినడం.

భోజనం చేసి మూడు గంటలైనా కావాలి. తెల్లవారుజామైతే ఆ బాధే లేదు. దుప్పటి మడిచి తుంటి కింద పెట్టుకుని బాసింపట్టు వేసుకోండి. మోకాళ్ళకన్నా తుంటి కాస్త ఎత్తులో ఉంటే నడుం దానంతటదే నిలబడుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలో కూర్చోండి, పాదాలు మాత్రం నేలకి పూర్తిగా ఆనాలి. కింద కూర్చుంటేనే ఫలితం అనేవాళ్ళ మాట పట్టించుకోకండి, నొప్పి మీద ధ్యానం చేయడానికి కాదుగా వచ్చింది!

కళ్ళు మూసుకుని కాసేపు మంత్రం జోలికే పోకండి. ముక్కు కొన దగ్గర గాలి చల్లగా లోపలికి రావడం, వెచ్చగా బయటికి పోవడం గమనించండి. అది తెలుస్తుంటే అప్పుడు లోపలికొచ్చే గాలికి 'సో', పోయే గాలికి 'హం' మనసులోనే కలపండి. పెదవులు, నాలుక కదలకూడదు.

అందరూ తడబడేది ఇక్కడే. మంత్రం బాగా పలకాలని ఊపిరిని సాగదీస్తారు, ఐదు నిమిషాలకే ఆయాసమొస్తుంది. ఊపిరి పొట్టిగా ఉంటే 'సో' కూడా పొట్టిదే. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వచ్చినా సరిదిద్దొద్దు. 'హం' అయ్యాక ఒక్కోసారి ఊపిరి కాస్త ఆగుతుంది. ఆగితే ఆగనివ్వండి, మీరు మాత్రం బిగబట్టకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు కుంభకం (ఊపిరి బిగబట్టడం) జోలికి అసలే పోవద్దు. తల తిరిగినా, కంగారనిపించినా కళ్ళు తెరిచి మామూలుగా కూర్చోండి.

మనసు ఎటో పోతుంది, పోనీ. క్లాసులో కిటికీలోంచి బయటికి చూసే పిల్లాణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుతాడు చూడండి, తర్వాతి 'సో' అలాంటి పిలుపు. తిట్టక్కర్లేదు. నిద్ర ముంచుకొస్తే కళ్ళు సగం తెరవండి.

కొన్ని వారాలకి ఇది కుదిరాక, 'సో'తో దృష్టిని బొడ్డు దగ్గర్నుంచి గొంతుదాకా తీసుకురండి, 'హం'తో మళ్ళీ కిందికి దించండి. వెన్నులో చక్రాలనే శక్తి కేంద్రాల వెంట తిప్పే పద్ధతీ ఉంది గానీ, దాన్ని గురువు ఎదుట నేర్చుకోవడమే మంచిది.

"వెలుగులు కనబడుతున్నాయి టీచర్‌గారూ, కుండలిని లేచిందంటారా?" అని, వెన్ను అడుగున నిద్రపోతుంటుందనే ఆ శక్తి మేలుకుందేమోనని అడుగుతుంటారు. వెలుగులు కనబడితే కనబడనివ్వండి, వాటి వెంట పడకండి. నేనైతే వేరే అడుగుతాను: ఇంట్లోవాళ్ళు ఒక మాటంటే, బదులిచ్చేలోపు మీ ఊపిరి మీకు తెలిసిందా? 'నేనే ఆ పరమాత్మ' అని చెప్పే మంత్రం జపిస్తూ కోడలి మీద కేకలేస్తే సాధన ఇంకా ముక్కు దగ్గరే ఉందన్నమాట.

పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా ఇరవైకి పెంచండి. లేచేముందు మంత్రం వదిలేసి ఊరికే ఊపిరి చూడండి, మూడుసార్లు ఓంకారం పలికి, అరచేతులు రుద్ది కళ్ళకద్దుకోండి. కాళ్ళు చాపి, తిమ్మిరి పోయాకే లేవండి. బస్సులో, రేషన్ క్యూలో కళ్ళు తెరిచే చేసుకోవచ్చు. బండి నడిపేటప్పుడు మాత్రం వద్దు.