ఎల్‌ఎల్‌ఎం తరువాత బార్ పరీక్ష: ఎఫ్‌-1 గడువులను ముందే లెక్క వేసుకోవడం ఎలా?

అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేసి అదే ఏడాది జులైలో బార్ పరీక్షకు (న్యాయవాదిగా లైసెన్సు పొందే పరీక్షకు) కూర్చోవాలనుకునే విదేశీ న్యాయ పట్టభద్రులు అన్నిటికంటే ముందు మూడు తేదీలను ఒకే కాగితం మీద రాసుకోవాలి. అవి విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థికి ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు ముగింపుగా చూపిన తేదీ, ఆ తరువాత 60వ రోజు, పరీక్ష జరిగే తేదీ. ఉదాహరణకు కోర్సు 2026 మే 15న ముగుస్తుందనుకుందాం. కోర్సు తరువాత దేశంలో ఉండనిచ్చే 60 రోజుల వెసులుబాటు జులై 14తో అయిపోతుంది. బార్ పరీక్ష జులై 28, 29 తేదీల్లో ఉంటుంది. అంటే మరే ఏర్పాటూ చేసుకోని విద్యార్థికి పరీక్షకు రెండు వారాల ముందే దేశంలో ఉండే హక్కు పోతుంది. వీసా పరంగా అసలు చిక్కు ఈ రెండు వారాల దగ్గరే ఉంది.

పాస్‌పోర్టులోని ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా ముద్రకు ఇంకా కొన్నేళ్ల గడువు ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఆ ముద్ర సరిహద్దు దగ్గర ప్రవేశం కోరడానికి మాత్రమే పనికివస్తుంది. లోపలికి వచ్చాక ఎంతకాలం ఉండవచ్చన్నది ఐ-20నీ, విద్యార్థి హోదానూ బట్టి తేలుతుంది. ఐ-20 మొదటి పేజీలో కోర్సు ప్రారంభ, ముగింపు తేదీలు ఉంటాయి. లెక్క ఆ ముగింపు తేదీ నుంచే మొదలవుతుంది తప్ప స్నాతకోత్సవం జరిగిన రోజు నుంచి కాదు. బార్ పరీక్షకు చదువుకోవాలన్న కారణంతో ఆ తేదీని పొడిగించమని అడిగినా ఫలితం ఉండదు, ఎందుకంటే పొడిగింపుకు చదువుకు లేదా ఆరోగ్యానికి సంబంధించిన బలమైన కారణం చూపాలి.

ఈ లోటును పూడ్చే మామూలు మార్గం ఓపీటీ, అంటే చదివిన రంగంలోనే పన్నెండు నెలల వరకు పని చేయడానికి ఇచ్చే అనుమతి. పూర్తి విద్యా సంవత్సరం పాటు పూర్తికాల విద్యార్థిగా చదివినవారికి ఈ అర్హత ఉంటుంది కనుక రెండు సెమిస్టర్ల ఎల్‌ఎల్‌ఎం దీనికి సరిపోతుంది. అయితే ఒక స్థాయి డిగ్రీకి ఓపీటీ ఒక్కసారే దొరుకుతుంది. అమెరికాలోనే ఇంతకుముందు మరో మాస్టర్స్ చేసి దాని మీద పూర్తి ఓపీటీ వాడుకున్నవారికి ఎల్‌ఎల్‌ఎం మీద మళ్లీ రాదు. సైన్సు, ఇంజినీరింగు విద్యార్థులకు లభించే 24 నెలల పొడిగింపు కూడా మామూలు ఎల్‌ఎల్‌ఎంకు వర్తించదు.

దరఖాస్తు ఒక క్రమంలో సాగుతుంది. ముందుగా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే అందరూ డీఎస్‌ఓ అని పిలిచే వ్యక్తి, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సెవిస్ వ్యవస్థలో ఓపీటీకి సిఫారసు నమోదు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. ఆ ఐ-20ని జతచేసి, పని అనుమతి కోరే ఐ-765 ఫారాన్ని ఇమిగ్రేషన్ శాఖకు పంపాలి. దీనికి కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి ముగిసిన తరువాత 60 రోజుల వరకు సమయం ఉంటుంది. మన ఉదాహరణలో ఫిబ్రవరి 14 నుంచి జులై 14 వరకు అన్నమాట. దీని లోపల ఇంకో చిన్న గడువు ఉంది, చాలామంది తప్పేది అక్కడే: డీఎస్‌ఓ సిఫారసు నమోదైన 30 రోజుల్లోపు ఫారం శాఖకు చేరాలి. మార్చి 1న సిఫారసు వేయించుకుని, పరీక్షల హడావిడిలో పడి ఏప్రిల్ 5న ఫారం పంపినవారి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. గడువులోపు పంపిన దరఖాస్తు మీద నిర్ణయం రాకపోయినా దేశంలో ఉండి చదువుకోవచ్చు, పరీక్ష కూడా రాయవచ్చు. పని అనుమతి కార్డు చేతికి వచ్చి దాని మీది ప్రారంభ తేదీ దాటేవరకు పని మాత్రం చేయకూడదు.

ఫారంలో అడిగే ప్రారంభ తేదీని కాస్త ఆలోచించి ఎంచుకోవాలి. కోర్సు ముగిసిన మర్నాటి నుంచి 60వ రోజు వరకు ఏ తేదీనైనా కోరవచ్చు. ఉద్యోగం ముందే ఖాయమైనవారి సంగతి వేరు గానీ, వేసవి అంతా బార్ పరీక్షకే కేటాయించేవారు వీలైనంత చివరి తేదీని కోరుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఓపీటీ మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేని రోజులన్నీ లెక్కలోకి వస్తాయి, వాటి మొత్తం 90 దాటకూడదు. బార్ పరీక్షకు చదవడం ఎంత కష్టమైన పని అయినా ఇమిగ్రేషన్ లెక్కలో అది ఉద్యోగం కాదు. మే 16 నుంచి ఓపీటీ మొదలుపెట్టుకున్నవారికి ఈ 90 రోజులు ఆగస్టు 13కే అయిపోతాయి, అంటే పరీక్ష రాసి ఊపిరి పీల్చుకునేలోపే. జులై 14 నుంచి మొదలైతే అక్టోబరు 11 వరకు సమయం ఉంటుంది.

అదీ పూర్తిగా చాలదు. న్యూయార్క్ జులై పరీక్ష ఫలితాలు సాధారణంగా అక్టోబరు చివర్లో వెలువడతాయి, కాబట్టి ఫలితం చూసుకుని ఉద్యోగం వెతుక్కుందామనుకుంటే అప్పటికే గడువు దాటిపోతుంది. లైసెన్సు లేకుండానే చేయదగిన లా క్లర్క్, పరిశోధన సహాయకుడు వంటి పనుల కోసం పరీక్ష ముగిసిన వారం నుంచే ప్రయత్నించాలి. వారానికి కనీసం 20 గంటలుండి, న్యాయశాస్త్రానికి నేరుగా సంబంధించిన పని అయితే చాలు. కార్మిక చట్టాలు ఒప్పుకునే చోట జీతం లేని పని కూడా లెక్కకు వస్తుంది. యజమాని వివరాలను సెవిస్‌లో ఎప్పటికప్పుడు నమోదు చేయాలి, లేకపోతే పని చేస్తున్నా ఉద్యోగం లేని రోజులుగానే లెక్కపడతాయి.

న్యూయార్క్‌లో లైసెన్సుకు ముందు 50 గంటల ఉచిత న్యాయసేవ తప్పనిసరి. దీన్ని కోర్సు నడుస్తున్నప్పుడే కళాశాల న్యాయసహాయ క్లినిక్ ద్వారా పూర్తి చేసుకుంటే వీసా కోణంలో ఏ సందేహానికీ తావుండదు. మామూలుగా జీతం ఇచ్చే పనిని ఓపీటీ రాకముందు ఉచితంగా చేసిపెట్టడం మాత్రం చిక్కులు తెచ్చిపెడుతుంది.

వీసాతో సంబంధం లేకపోయినా విడిచిపెట్టకూడని సంగతి పరీక్షార్హత. న్యూయార్క్‌లో విదేశీ డిగ్రీని కోర్టు నియమావళి 520.6 కింద పరిశీలిస్తారు. చదువు వ్యవధిలో గానీ, కామన్ లా (కోర్టు తీర్పుల మీద ఆధారపడిన ఆంగ్ల న్యాయ పద్ధతి) పునాదిలో గానీ ఒక లోపం ఉంటే 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎంతో సరిదిద్దుకోవచ్చు, రెండూ ఉంటే వీలుకాదు. సొంత విశ్వవిద్యాలయం మార్కుల పత్రాలను నేరుగా బార్ పరీక్షల బోర్డుకు పంపాలి కాబట్టి ఈ పనిని ఏడాది ముందే మొదలుపెట్టాలి. కాలిఫోర్నియాలో, సొంత దేశంలో న్యాయవాదిగా నమోదైనవారు ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్ష రాయవచ్చు.

ఓపీటీ వద్దనుకుని ఇంటికి వెళ్లి, జులైలో పరీక్షకు తిరిగి వద్దామనుకునేవారు పాత ఎఫ్‌-1 ముద్ర చూపి ప్రవేశించాలని ప్రయత్నించకూడదు. కోర్సు ముగిసింది కాబట్టి ఆ హోదా లేదు. పరీక్ష కోసమే వచ్చేవారికి సందర్శకుల వీసా కావాలి. ఫిబ్రవరిలో మళ్లీ రాయాల్సి వచ్చినా, అప్పటికి ఓపీటీ లేకపోతే దారి అదే. ఆ ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే నెలలు పట్టవచ్చు గనుక పరీక్ష దరఖాస్తుతో పాటే దీన్నీ మొదలుపెట్టాలి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు బోర్డు ఇచ్చిన పరీక్షా హాజరు పత్రాన్నీ, తిరుగు ప్రయాణానికి ఏర్పాటు ఉందని చూపే కాగితాలనూ వెంట ఉంచుకోవాలి.

విద్యార్థి హోదాకు స్థిరమైన గడువు పెట్టి, 60 రోజుల వెసులుబాటును 30 రోజులకు తగ్గించాలని అమెరికా అంతర్గత భద్రతా శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. అందుకే ఏ ఏడాది విద్యార్థి అయినా పైన చెప్పిన రోజుల లెక్కను ఫిబ్రవరిలో ఒకసారి, ఐ-20 చేతిలో పెట్టుకుని డీఎస్‌ఓ ఎదుట కూర్చుని సరిచూసుకోవాలి.