పోడు పట్టాకు క్లెయిమ్ పెడుతున్నారా? ముందు పెద్దోళ్లతో హద్దు నడవండి

మా అయ్యకు ఐదెకరాల పోడు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టాలో పడింది ఎకరం ఇరవై గుంటలు. సర్వే రోజు మా ఇంటిల్లిపాదీ వేరే ఊళ్లో మిరప కోతకు పోయి ఉన్నాం. జీపీఎస్ పట్టుకొచ్చినవాళ్లు వాగు దాకా నడిచి అక్కడే ఆపేశారు. వాగు అవతల కూడా మా చేనే అని చెప్పడానికి అక్కడ మా మనిషి ఒక్కరూ లేరు.

ఆ తర్వాతే నేను మా గూడెం అటవీ హక్కుల కమిటీలో చేరాను, కార్యదర్శినయ్యాను. మాది భద్రాచలం ఏజెన్సీలో కోయ గూడెం. నేను చదివింది ఇంటర్ వరకే. క్లెయిమ్ కాగితాలు రాసీ రాసీ నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాను. ఇప్పుడు ఫోన్ చేసి అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పలేకపోతున్నాను.

చట్టం సంగతి రెండు మాటల్లో. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2007 డిసెంబరు 31 నుంచి అమలైంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉండి, ఇప్పటికీ మీ చేతిలోనే ఉన్న భూమికి హక్కు ఇస్తుంది. కుటుంబానికి ఎక్కువలో ఎక్కువ 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కాస్త తక్కువ. ఆదివాసీలు కానివాళ్లు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఆ అడవి మీద బతుకుతున్నట్టు చూపించాలి. ఆ తేదీ తర్వాత కొట్టిన పోడును పాతదని రాయకండి. ఒక్క క్లెయిమ్‌లో అబద్ధం దొరికితే గూడెం మొత్తం కాగితాలను అనుమానంగా చూస్తారు. మా దగ్గర అదే జరిగింది.

అన్నిటికంటే ముందు గ్రామసభ. మన షెడ్యూల్డ్ ప్రాంతంలో సభ గూడెం స్థాయిలో జరగాలి. పంచాయతీ ఆఫీసులో నాలుగైదు ఊళ్లను కలిపి సంతకాలు పెట్టిస్తామంటే ఒప్పుకోకండి. పక్క ఊరివాళ్లకు మీ చేను ఎక్కడుందో ఏం తెలుసు? సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. క్లెయిమ్‌ల మీద తీర్మానం చేసేటప్పుడు క్లెయిమ్ పెట్టినవాళ్లలో సగం మందైనా అక్కడ ఉండాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది, వాళ్లలో మూడింట రెండొంతులు ఆదివాసీలు, కనీసం మూడో వంతు ఆడవాళ్లు. తీర్మానం పుస్తకంలో తేదీ వేయండి. సంతకం పక్కన పేరు, వేలిముద్ర పక్కన కూడా పేరు రాయండి. పేరు లేని వేలిముద్రలున్న పేజీ తర్వాత ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు హద్దు. ఫారం ముట్టుకోకముందే ఇది చేయండి. ఫిబ్రవరి, మార్చి నెలలైతే మంచిది. కందులు కోసేసి, ఆకు రాలిపోయి గట్లన్నీ బయటపడతాయి. ఊళ్లో బాగా పెద్దవయసు వాళ్లను ఇద్దరిని తీసుకెళ్లండి. నడవలేకపోతే బండి మీదైనా తీసుకెళ్లండి. మా పెద్దమ్మకు కళ్లు సరిగా కనపడవు. అయినా ఒక ఇప్పచెట్టు దగ్గర ఆగి మాను తడిమి, "దీని కింద మీ తాత మంచె ఉండేది" అంది. ఆ చెట్టు మా మూడో హద్దు. అలాంటివన్నీ పుస్తకంలో రాయండి: ఏ చెట్టు, ఏ బండ, ఏ గట్టు, ఆ గట్టు ఎవరు వేశారు, ఏ పంట వేశారు. ప్రతి మూలలో నిలబడి ఫోన్‌లో లొకేషన్ పెట్టి ఫొటో తీయండి. తర్వాత ఒక తెల్ల కాగితం మీద చేతితో బొమ్మ గీయండి, నాలుగు పక్కలా ఎవరి చేలున్నాయో రాయండి. ఆ పక్క చేల వాళ్లతో సంతకం పెట్టించండి.

రుజువుల దగ్గరే అందరికీ టెన్షన్. "మా దగ్గర కాగితాలేం లేవక్కా" అంటారు. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో రూల్ 13 చదివించుకోండి. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు ఒక రకం. చేలో చదును చేసిన నేల, గట్టు, గుడిసె, బావి ఒక రకం. చనిపోయినవాళ్ల పేరున పాతిన రాళ్లు, వేల్పుల చోటు, వంశవృక్షం కూడా రుజువులే. క్లెయిమ్ పెట్టని పెద్దమనిషి చెప్పిన మాటను రాసి వేలిముద్ర వేయిస్తే అదీ రుజువే. ఒక్క రకం సరిపోదు, ఒకటి కంటే ఎక్కువ ఉండాలి. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టే అధికారం పైనున్న సబ్ డివిజనల్, జిల్లా కమిటీలకు లేదని రూల్స్‌లో స్పష్టంగా ఉంది.

నా అనుభవంలో అన్నిటికంటే గట్టి కాగితం ఫారెస్టోళ్లు వేసిన జరిమానా రసీదు. మా అయ్య 1990ల్లో పోడు కొట్టాడని కేసు రాశారు, డబ్బు కట్టించుకున్నారు. ఆ రసీదును అమ్మ రేకు పెట్టెలో కోక మడతల్లో దాచింది. పరువు పోతుందని ఎవరికీ చూపించలేదు. ఆ రోజు ఆ చేలో మా అయ్య ఉన్నాడని ప్రభుత్వమే సంతకం చేసి ఇచ్చిన కాగితం అది. మీ ఇళ్లలో కూడా వెతకండి. పాత కోర్టు సమన్లు, కేసు కాగితాలు, బెయిలు కాగితాలు, అన్నీ బయటికి తీయండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పెద్దోళ్ల మాటను వాయిదా వేయకండి. మా గూడెంలో ఒక తాత మాట వచ్చే వారం రాద్దామనుకున్నాం. ఆ వారంలోనే ఆయన పోయాడు. నలుగురి చేల హద్దులు ఆయనతోనే పోయాయి.

వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ. భార్యాభర్తలు ఇద్దరి పేర్లూ రాయండి, పట్టా ఇద్దరి పేరునా రావాలని చట్టంలోనే ఉంది. విస్తీర్ణం గడిలో నడిచి కొలిచింది రాయండి, భయపడి తగ్గించి రాయకండి. ఫారం అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి, ఏయే కాగితాలు జతచేశారో రాసిన రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వడం కమిటీ బాధ్యత. కమిటీ అంటే మీ ఊరివాళ్లే కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

తర్వాత కమిటీ చేను చూడటానికి వస్తుంది. ఆ తేదీని ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు ముందుగా రాతపూర్వకంగా తెలపాలి, నకలు మీద వాళ్ల స్టాంపు వేయించుకోవాలి. వాళ్లు వచ్చి, చూసి, హోదా, తేదీతో సంతకం పెట్టాలి. రాకుండా ఉండి తర్వాత అభ్యంతరం చెబితే మళ్లీ తనిఖీ పెట్టాలి. అప్పుడూ రాకపోతే తనిఖీ మీద గ్రామసభ మాటే ఖాయం. ఇది 2012లో సవరించిన నిబంధనల్లో ఉంది, రూల్ 12ఎ. తనిఖీ రోజు కూలికి పోకండి. ఒక్క రోజు కూలి కోసం మేం వాగు అవతలి చేను పోగొట్టుకున్నాం.

గ్రామసభ తీర్మానం తర్వాత కాగితాలు సబ్ డివిజనల్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు ఉండే జిల్లా కమిటీకి పోతాయి. తిరస్కరిస్తే, తగ్గిస్తే కారణాలు వివరంగా రాసి మీ చేతికి ఇవ్వాలి. అప్పీలుకు 60 రోజులు, కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. ముందు సబ్ డివిజనల్ కమిటీ, ఆ తర్వాతే జిల్లా కమిటీ. మాకైతే తగ్గించిన కాగితమే ఇవ్వలేదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఫైలు నకలు తీసుకున్నాం. అందులో ఒకటే ముక్క ఉంది, "శాటిలైట్ చిత్రంలో సాగు కనపడలేదు" అని.

పోడు గురించి తెలిసినవాళ్లు ఆ మాట రాయరు. మనం చేలో ఇప్పచెట్టు, చింతచెట్టు కొట్టం, ఒకటి రెండేళ్లు బీడు కూడా వదులుతాం. పైనుంచి చూస్తే పచ్చగానే కనపడుతుంది. శాటిలైట్ చిత్రం మిగతా రుజువులకు తోడు మాత్రమే, వాటి బదులు పెట్టుకోకూడదని అదే 12ఎలో ఉంది. అప్పీలులో ఆ నిబంధన రాశాం, జరిమానా రసీదు, పెద్దమ్మ వాంగ్మూలం, ఫొటోలు జతచేశాం. మళ్లీ కొలిచారు. ఇప్పుడు పట్టాలో నాలుగెకరాల పది గుంటలున్నాయి. కొత్త పట్టా చూసుకోవడానికి మా అయ్య లేడు.

అప్పీలు తేలేలోపు ఎవరైనా మీ చేలో కందకం తవ్వడానికి వస్తే చట్టంలోని సెక్షన్ 4(5) చూపించండి. గుర్తింపు, తనిఖీ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరించిన క్లెయిమ్‌ల వాళ్లను ఖాళీ చేయించమంది. అదే నెల 28న ఆ ఉత్తర్వును ఆపింది. ఆ రెండు వారాలు మా గూడెంలో ఎవరికీ నిద్ర లేదు. జేసీబీ ముందుకు వెళ్లి గొడవపడకండి. వీడియో తీయండి, కాగితం చూపించండి, అదే రోజు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

చాలా ఊళ్లు పట్టాతో ఆగిపోతున్నాయి. అది చూస్తే నాకు బాధ. తునికాకు, వెదురు, ఇప్పపువ్వు ఏరుకునే అడవి, చేపలు పట్టే మడుగు, భూమి పండుగ చేసుకునే చోటు, ఇవి ఎవరి పట్టాలోనూ ఉండవు. వీటికి ఫారం బి ఉంది. ఆ అడవిని కాపాడుకుని నడిపించే హక్కుకు ఫారం సి ఉంది. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా అనే గోండుల ఊరు 2009లోనే దాదాపు 1,800 హెక్టార్ల మీద ఆ హక్కు తెచ్చుకుంది, తర్వాత వెదురు తానే అమ్ముకుంది. ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని 2013లో పన్నెండు పల్లెల గ్రామసభలను అడిగితే పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండ మీద తమ దేవుడున్నాడని అక్కడి ఆదివాసీలు డోంగ్రియా కోంధులు చెప్పిన మాటను సుప్రీంకోర్టు మతహక్కుగా చూసి, తేల్చే పని గ్రామసభలకే ఇచ్చింది. అందుకే వేల్పుల చోటు, శ్మశానం ఫారంలో పేరుతో సహా రాయండి. "దేవుడి గుట్ట" అని వదిలేయకండి. ఎవరు పూజ చేస్తారు, ఏ నెలలో, ఏ దారిన పోతారు, అన్నీ రాయండి. మన భాషలో పేరు ఎలా పలుకుతారో అలాగే తెలుగు అక్షరాల్లో పెట్టండి. ఆఫీసు కోసం పేరు మార్చకండి.

ఫారం సికి ఊరి సంప్రదాయ హద్దుల పటం కావాలి. పక్క ఊరితో తగువు వచ్చేది ఇక్కడే. రెండు ఊళ్ల కమిటీలు కలిసి కూర్చోవాలని నిబంధనల్లోనే ఉంది. మేం పక్క ఊరు పైగూడెం పటేల్‌ను, పూజారిని పిలిచి, ఒకే అడవిలో రెండు ఊళ్లవాళ్లూ తునికాకు కోస్తారని రాసి, ఆ భాగాన్ని పటంలో రెండు రంగులతో గీశాం. రెండు తీర్మాన పుస్తకాల్లోనూ అదే బొమ్మ అతికించాం. ఆ ఫారం ఇంకా సబ్ డివిజనల్ కమిటీ దగ్గరే ఉంది. నెలకోసారి వెళ్లి ఎక్కడుందని అడిగి, ఆ తేదీ పుస్తకంలో రాసుకుని వస్తున్నాం.