చిన్నారులకు చైనా పండుగలు, 4వ పాఠం: పున్నమి పండుగ, నాలుగు మాటలు

ఈసారి మన పాఠం చోంగ్‌ఛియు పండుగ. చైనా పంచాంగంలో ఎనిమిదో నెల పదిహేనో రోజున, అంటే మన భాద్రపద లేదా ఆశ్వయుజ పౌర్ణమి దరిదాపుల్లో వచ్చే ఈ పండుగకు చైనాలో 2008 నుంచి ప్రభుత్వ సెలవు ఉంది. 2026లో ఇది సెప్టెంబరు 25న వస్తుంది. నాలుగైదేళ్ల పిల్లలకు ఈ తిథుల లెక్క అక్కరలేదు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి, నిండు చంద్రుణ్ని చూస్తూ, లోపల పూర్ణం పెట్టి కాల్చిన గుండ్రని పిండివంటను ముక్కలు కోసి పంచుకుంటారని చెబితే చాలు.

నేర్పవలసిన చైనా మాటలు నాలుగే: యుఎలియాంగ్ అంటే చంద్రుడు, యుఎపింగ్ అంటే ఆ పిండివంట, థూౘ అంటే కుందేలు, తంగ్‌లుంగ్ అంటే లాంతరు. ‘యుఎ’ను పెదవులు సున్నాలా చుట్టి ఒకే ఊపులో పలకాలి. థూౘలోని ‘ౘ’ మనం చలి, చాప అనేటప్పుడు పలికేదే. ‘థ’ దగ్గర మాత్రం తొందరపడకండి. మాటల్లో ఒత్తులను తేలిగ్గా వదిలేసే అలవాటు మనకుంది కానీ, ఇక్కడ ఒత్తు పోతే కుందేలు కాస్తా పొట్ట అవుతుంది, ఎందుకంటే తూౘ అంటే పొట్ట. పిల్లల నోటి ముందు పలుచని కాగితం పట్టుకొని రెండు మాటలూ పలికించండి. ‘థూ’ అన్నప్పుడు కాగితం కదలాలి, ‘తూ’ అన్నప్పుడు దాదాపు నిలకడగా ఉండాలి. పొట్ట మాట వినగానే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

స్వరాల పేర్లు, అంటే చైనా మాట పలికేటప్పుడు గొంతు ఎక్కే, దిగే తీరుల పేర్లు, ఇప్పుడే చెప్పకండి. యుఎలియాంగ్, థూౘ రెండింటిలోనూ మొదటి అక్షరం పైనుంచి గట్టిగా కిందికి దిగుతుంది, రెండోది తేలికగా ముగుస్తుంది కనుక, చేతిని పైనుంచి కిందికి దించుతూ ఈ రెంటినీ జంటగా పలికించడం మేలు. తంగ్‌లుంగ్‌లో ‘తంగ్’ పైస్థాయిలో సమంగా సాగుతుంది, కాబట్టి అక్కడ చేతిని నిటారుగా దించక అడ్డంగా జరపాలి.

కథ విషయానికొస్తే, చాలామంది చాంగ్ఎ దేవతతో మొదలుపెడతారు. పది సూర్యులు, వారిలో తొమ్మిదిమందిని కూల్చిన విలుకాడు హోయీ, అమృతం తాగి చంద్రుడిపైకి వెళ్లిపోయిన ఆయన భార్య చాంగ్ఎ: ఇది అందమైన కథే అయినా, ఎడబాటుతో ముగుస్తుంది గనుక ఏడేళ్లు దాటాక చెప్పడం మంచిదని నా అభిప్రాయం. చిన్నవారికి కుందేలు చాలు. చందమామలో కుందేలు ఉందని మన పిల్లలకు ముందే తెలుసు. చైనా కథలో ఆ కుందేలు రోలులో మందు దంచుతూ ఉంటుందన్న ఒక్క సంగతి కలిపితే సరిపోతుంది. 2013లో చైనా చంద్రుడిపై దింపిన బండికి ఆ కుందేలు పేరే, యూథూ అని, పెట్టారని పెద్ద పిల్లలకు చెప్పవచ్చు.

రాత పనిగా చంద్రుడి అక్షరం (月, ‘యుఎ’) ఒక్కటే ఇవ్వండి. ఎడమవైపు కిందికి వాలే గీత, పైన అడ్డంగా వెళ్లి కుడివైపు దిగి కొక్కెంలా ఆగే గీత, లోపల రెండు చిన్న అడ్డగీతలు, మొత్తం నాలుగు. యుఎలియాంగ్, యుఎపింగ్ రెండూ ఈ అక్షరంతోనే మొదలవుతాయి. కాబట్టి యుఎపింగ్ పెట్టె బొమ్మ ఒకటి చూపించి, దానిమీద ఆ అక్షరం ఎక్కడుందో పిల్లలచేతనే వెతికించండి. వచ్చే పాఠానికి కాగితపు లాంతరు చేస్తాము. రంగు కాగితం, జిగురు సిద్ధంగా ఉంచుకోండి.