చూడి గేదెను ఫోన్‌లో కనిపెట్టుకోవడం ఎలా

నేను ఉండేది విజయవాడ పటమటలో, గేదెలు ఉండేది దుగ్గిరాల దగ్గర మా అత్తగారి ఊళ్లో. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. అత్తయ్యగారు నిద్రమాత్ర వేసుకున్నాక పిడుగు పడ్డా లేవరు. గేదెలేమో అందరూ పడుకున్నాకే ఈనాలని ఒట్టు పెట్టుకున్నట్టు ఉంటాయి. అందుకని పశువుల చావిడిలో కెమెరా పెట్టాం. రాత్రి కాపలా నాకూ మా ఆయనకూ పడింది.

ఇది ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పేస్తాను. ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో లేచి చావిడికి వెళ్లే మనిషి ఒకరు అక్కడ ఉండాలి. మాకు పక్కింటి బాబాయ్ ఉన్నాడు. అలాంటి మనిషి లేకపోతే మీరు చేసేదల్లా చూస్తూ కూర్చోవడమే, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నేను ఇప్పుడు బయల్దేరినా వారధి దాటి ఊరు చేరేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

మొదటి పని తేదీ లెక్క. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు, అంటే పది నెలల మీద ఓ వారం. ఆవుకైతే 280 పైచిలుకు. నవంబరు 1న చూడి కట్టడానికి ఇంజెక్షన్ చేయించారనుకోండి, సెప్టెంబరు 7 ప్రాంతంలో ఈనాలి. అటూ ఇటూ పది రోజులు వదిలేయండి. దున్నపోతుకు వదిలినవాళ్లకు ఈ తేదీ గుర్తుండదు. చూడి పరీక్ష చేసినప్పుడు డాక్టరుగారు చెప్పిన నెలలే ఆధారం. మామయ్యగారు మటుకు గోడ క్యాలెండరు మీద పెన్సిల్‌తో చిన్న సున్నా చుడతారు. కెమెరా ఆ సున్నాకి కనీసం రెండు వారాల ముందు బిగించాలి. గేదె మామూలుగా రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో, ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో మీకు తెలిసి ఉంటేనే తేడా వచ్చిన రోజు పట్టుకోగలరు. ఇది అన్నిటికంటే ముఖ్యం, చాలామంది వదిలేసేదీ ఇదే.

కెమెరా ఖరీదైనది అక్కర్లేదు. ఫోన్‌లోంచి అటూ ఇటూ తిప్పుకునే మామూలు వైఫై కెమెరా, లోపల మెమరీ కార్డు, రాత్రిపూట చూపు, ఇవి ఉంటే చాలు. చినుకు పడే చోట బిగించేటట్టయితే బయట వాడే రకం తీసుకోండి. చావిడి ఇంటికి దూరంగా పొలంలో ఉంటే వైఫై సంగతి మర్చిపోయి సిమ్ వేసే 4జీ కెమెరా కొనుక్కోవడం మేలు. ఇంటి రౌటర్ సిగ్నల్ రేకుల షెడ్డు లోపలికి వచ్చేసరికి సగం చచ్చిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఇలాంటి కెమెరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేసి ఉంటే ఎంత తిప్పలు పడ్డా కలవదు.

సిమ్ అయితే డేటా లెక్క చూసుకోవాలి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పోయినా గంటకు 450 ఎంబీ ఖర్చు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మూడు గంటలు దాటి కాస్త వస్తుంది, అంతే. కాబట్టి లైవ్ పెట్టుకుని కూర్చోకండి. రికార్డింగ్ కార్డులోకి పోతూ ఉంటుంది, దానికి డేటా ఖర్చవదు. మీరు తెరిచినప్పుడు మాత్రం చిత్రం నాణ్యత తగ్గించి చూడండి. గేదె లేచిందా పడుకుందా తెలియడానికి అంత స్పష్టత అక్కర్లేదు.

గేదెలు ఎక్కువగా ఈనేది వానాకాలం నుంచి చలికాలం దాకా. అంటే గాలివాన, కరెంటు కోత కూడా అప్పుడే. రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టండి. కెమెరా యూఎస్‌బీ వైరుతో నడిచేదైతే పవర్ బ్యాంకు సరిపోతుంది. ఒకవైపు ఛార్జ్ అవుతూ రెండోవైపు కరెంటు ఇచ్చే రకమో కాదో కొనేముందే అడగండి, అన్నీ ఇవ్వవు. పొలంలో మోటారు లైను మీద ఆధారపడి కెమెరా పెట్టకండి. వ్యవసాయ కరెంటు ఇచ్చేది పగటిపూట, మనకు కావాల్సింది రాత్రి.

ఇక ఎక్కడ బిగించాలి? అందరూ గాడి (మేత వేసే చోటు) వైపు, మొహం కనపడేలా పెడతారు. ఫోటోకి బాగుంటుంది గానీ పనికి రాదు. మనకు కావాల్సింది వెనక భాగం, పొదుగు, తోక. ఎనిమిది అడుగుల ఎత్తున, వెనక నుంచి ఏటవాలుగా చూసేలా పెట్టండి. తోక ఆడించినా, తల ఎగరేసినా అందని చోట, వైరు పైనుంచి వచ్చేలా. కింద వైరు వేలాడితే గేదె దాన్ని నమిలి తీరుతుంది. ఈనే రోజులు దగ్గరపడ్డాక గేదెను మిగతా వాటి మధ్య కట్టెయ్యకుండా పది అడుగులకు పన్నెండు అడుగుల చోటులో విడిగా వదిలితే మంచిది. అప్పుడు అది తిరుగుతుంది కాబట్టి నాలుగు మూలలూ కనపడాలి.

నల్ల గేదె, తడి నేల, చీకటి. ఈ మూడూ కలిస్తే తెరమీద రెండు తెల్ల కళ్లు తప్ప ఏమీ కనపడవు. దీనికి మందు ఎండు వరిగడ్డి. కింద మందంగా పరిస్తే కెమెరాలో అది తెల్లగా వస్తుంది, దానిమీద గేదె ఆకారం గీసినట్టు తెలుస్తుంది. దూడ కాళ్లు బయటికి వచ్చినా చప్పున కనపడతాయి. పైగా పుట్టే దూడకి మెత్తన.

దోమలకని సాయంత్రం వేపాకు పొగ వేస్తారు కదా, ఆ పొగ ఉన్నంతసేపు తెరంతా పాలపొంగే. కెమెరా వదిలే వెలుగు పొగ మీద పడి వెనక్కి కొడుతుంది. సాలెగూడూ అంతే: ఒక్క పోగు అద్దానికి అడ్డంగా ఉంటే రాత్రంతా తెల్లటి తాడు ఊగుతూ కనిపిస్తుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడిపించండి. ఇంకో సంగతి, రాత్రిచూపులో అంతా నలుపు తెలుపే. కారుతున్నది ఈనేముందు వచ్చే జిగట తీగో నెత్తురో తెలియదు. అందుకని స్మార్ట్ ప్లగ్‌కి ఒక పసుపు వెలుగు బల్బు తగిలించుకున్నాం. అనుమానం వస్తే ఫోన్‌లోంచే వెలిగించి చూస్తాను. బల్బు కెమెరా పక్కన పెట్టకండి, వానాకాలం పురుగులన్నీ అద్దం మీదే ముసురుకుంటాయి.

కెమెరాతో వచ్చిన పాస్‌వర్డు ఆ రోజే మార్చేయండి.

కదలికకి మోగే అలర్టులు నాకు నచ్చవు. నెమరేసినా మోగుతుంది, ఎలుక పరిగెత్తినా మోగుతుంది. రెండు రోజులయ్యాక ఎవరూ పట్టించుకోరు, అసలు రోజున కూడా పట్టించుకోరు. దానికంటే చివరి పది రోజులు అలారం పెట్టుకుని రాత్రి పదకొండుకి, ఒంటిగంటకి, మూడింటికి, ఐదింటికి చూడటం మేలు. మొదటి రెండూ మా ఆయనవి, తర్వాతవి నావి. మైకు ఉంది కదా అని కెమెరాలోంచి గేదెను పిలవకండి. పై నుంచి గొంతు వినపడితే బెదిరి లేస్తుంది.

ఇంతకీ చూడాల్సింది ఏమిటి? వారం ముందు నుంచే పొదుగు దిగుతుంది. చివరి ఒకటి రెండు రోజుల్లో చనుకట్లు బిగుస్తాయి, తోక మొదట్లో రెండు పక్కలా గుంట పడుతుంది, మానం వాచి వదులవుతుంది, తీగ వేస్తుంది. ఇవి పగలు ఇంట్లోవాళ్లు చూసి చెప్పాలి, కెమెరాలో అంత బాగా తెలియవు. కెమెరా చెప్పేది తర్వాతి ముచ్చట: మేత వదిలేయడం, పడుకోవడం, లేవడం, మళ్లీ పడుకోవడం, తోక ఎత్తి పెట్టడం, మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోయడం, డొక్క వైపు తిరిగి చూసుకోవడం. ఇది మొదలయ్యాక ఉమ్మనీటి సంచి కనపడటానికి మామూలుగా రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది. తొలిచూలు పడ్డకి, అంటే మొదటిసారి ఈనేదానికి, ఇంకా ఎక్కువ పట్టొచ్చు.

భయపడాల్సింది ఇక్కడే. ఈ లక్షణాలన్నీ గంటల తరబడి కనిపించి, సంచి రాక, నెమ్మదిగా గేదె సర్దుకున్నట్టు అయిపోతే 'ఇవాళ కాదులే' అని పడుకోకండి. గర్భసంచి మెలిక పడి ఉండొచ్చు. ఆవుల్లో కంటే గేదెల్లో ఇది ఎక్కువ, గేదెలకు కాన్పు కష్టమవడానికి పెద్ద కారణం కూడా ఇదే. మొన్న శ్రావణంలో మా పడ్డకి ఇలాగే అయింది. డాక్టరుగారు వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పటి నుంచి?" మామయ్యగారు తెల్లవారుజాము నుంచి అన్నారు. నేను రికార్డింగ్ వెనక్కి తిప్పి చూస్తే మొదటిసారి తోకెత్తి పెట్టింది రాత్రి పదకొండున్నరకి. ఫోన్‌లో ఆ మాట చెప్పగానే ఆయన ఇంకేం ఆలోచించలేదు, చెయ్యి పెట్టి చూసి కుడివైపు మెలిక అన్నారు. గేదెల్లో ఎక్కువగా అటే పడుతుందట. కుడిపక్కకి పడుకోబెట్టి, కాళ్లు కట్టి, డొక్క మీద పొడవాటి చెక్క ఆనించి, దానిమీద బాబాయ్‌ని నిలబెట్టి, నలుగురు తాళ్లు లాగి మెల్లగా దొర్లించారు. గేదె తిరుగుతుంటే లోపల గర్భసంచి కదలకుండా ఆ చెక్క నొక్కి పట్టి ఉంచుతుంది. అట్లా మెలిక విడుతుంది. ఇది డాక్టరు చేయాల్సిన పని, ఊళ్లో తెలిసినవాళ్లున్నారని చేయించకండి.

ఉమ్మనీటి సంచి కనపడితే గడియారం చూసుకోండి. ముందు రెండు ముంగాళ్లు, వాటిమీద ఆనించి మూతి, ఇదీ వరస. గిట్టల అడుగులు నేల వైపు ఉండాలి. పైకి ఉంటే వెనక కాళ్లైనా అయ్యుండాలి, దూడ వెల్లకిలా అయినా ఉండాలి. ఒక్క కాలే వచ్చినా, తల కనపడకపోయినా, కాళ్లు కనపడ్డాక అరగంట ముక్కినా ముందుకు రాకపోయినా డాక్టరుకు ఫోన్ చేయాలి. సంచి పగిలి గంటైనా ఏమీ రాకపోతే కూడా అంతే. నంబర్లు ముందే రాసి చావిడి గుంజకి అంటించండి: ఊరి పశువుల డాక్టరుగారిది, రాత్రి వచ్చే ఇంకొకరిది, సంచార పశువైద్యం వారి 1962. రాత్రిళ్లు ఎవరు వస్తారో పగలే కనుక్కోండి. మరీ కష్టమైతే గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్లడానికి బండి ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవాలి.

దూడ పడ్డాక బాబాయ్ పని ముక్కు, నోరు తుడవడం, బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టడం. నా పని చూడటం. తల్లి నాకుతోందా, దూడ గంటలో లేచిందా, పొదుగు అందుకుందా. మాయ (కడుపులో దూడను అంటిపెట్టుకుని ఉండే పొర) పడేదాకా పాలు తీయకూడదని మా అత్తయ్యగారి వాదన. ఆవిడతో ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే మాట్లాడతాను: ముర్రుపాలు మొదటి గంటా రెండు గంటల్లోనే దూడ కడుపులో పడాలి. మాయ మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పడుతుంది. పడితే కెమెరాలో కనిపిస్తుంది, వెంటనే తీయించి పూడ్పించాలి, లేకపోతే గేదె తినేస్తుంది. పడకపోతే చేత్తో లాగకండి, డాక్టరుకే చెప్పండి.

ఈనింది కదా అని కెమెరా అప్పుడే పీకెయ్యొద్దు. ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరం ఎక్కువగా కనిపించేది ఈనాక మొదటి రెండు మూడు రోజుల్లోనే, అదీ బాగా పాలిచ్చే గేదెలకి. లేవలేక, మెడ డొక్క మీదకు తిప్పుకుని అలాగే పడి ఉంటే నిద్రపోతోందనుకోకండి. బాబాయ్‌ని లేపి ఒకసారి అదిలించి లేపమనండి. లేవకపోతే కాల్షియం ఎక్కించాలి, తెల్లారేదాకా ఆగడానికి లేదు.