పొదల ఆకుల్లోని రసాయన రక్షణను పరిశీలించడం ఎలా?

విశాఖ చుట్టుపక్కల కొండవాలుల్లో మేకల మంద మేసిపోయిన చోటును చూస్తే, రేగు పొదల లేత కొసలు కనిపించవు. జిల్లేడు, సీతాఫలం, లంటానా మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి; ఆకుల్లోని రసాయనాలే వాటికి రక్షణ. ఏది మేశాయో, ఏది వదిలేశాయో ముందుగా రాసుకోవాలి. కంబాలకొండ అభయారణ్యం కాబట్టి అక్కడ చూడటమే తప్ప ఆకు కోయకూడదు. నమూనాలకు పెరటి మొక్కలు చాలు.

జిల్లేడు ఆకును చేతికి తొడుగు వేసుకుని తుంచాలి. తుంచిన చోట వెంటనే ఊరే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందులోని కార్డెనోలైడ్లు అనే విషాలు జంతుకణాల్లో సోడియం, పొటాషియంలను అటూఇటూ చేర్చే యంత్రాంగాన్ని అడ్డుకోవడం వల్ల గుండె లయ తప్పుతుంది. అయినా పసుపు, నీలం చారల జిల్లేడు మిడత ఆ ఆకునే తిని బతుకుతుంది. సీతాఫలం ఆకును నలిపితే ఘాటైన వాసన వస్తుంది. అయితే దాని అసలు ఆయుధం వాసన కాదు, కణాల్లో శక్తి తయారీని అడ్డగించే అసిటోజెనిన్లు అనే రసాయనాలు.

ఇంట్లో స్పష్టంగా చూడగలిగేది టానిన్లు అనే వగరు రసాయనాలనే. తుప్పు పట్టిన నాలుగైదు మేకులను వెనిగర్‌లో 2 రోజులు నానబెట్టాలి; వాయువు వెలువడుతుంది కనుక సీసా మూత బిగించకూడదు. గుప్పెడు తంగేడు ఆకులను నీటిలో మరిగించి, వడగట్టి, చల్లారాక ఆ మేకుల నీటిని చుక్కలుగా వేస్తే, టానిన్లు ఇనుముతో కలిసి కషాయం సిరాలా నల్లబడుతుంది. పోల్చి చూసేందుకు పక్కనే మామూలు నీటిలోనూ అన్నే చుక్కలు వేయాలి. టానిన్లు మాంసకృత్తులను పట్టి బిగిస్తాయి. ఆకు నమిలిన పశువు నోటికి వగరు తగలడానికీ, తంగేడు బెరడుతో తోళ్లు పదును చేయడానికీ కారణం ఆ గుణమే. ఈ రెండింటి వెనుకా ఉన్నది ఒకే రసాయనమని తెలిశాక, టానిన్లున్న మేత పశువుకు సరిగా అరగకపోవడం వింతగా తోచదు.

ఈ పరీక్షలో నల్లబడని ఆకు నిరపాయమైనదని మాత్రం అనుకోకూడదు. గన్నేరు విషం ఇనుముకు చిక్కే రకం కాదు. పైగా ఆకు ఎండినా అది పోదు. ఏ ఆకునూ రుచి చూడరాదు, గన్నేరును మరిగించనూ కూడదు. కంచె కత్తిరించినప్పుడు వచ్చే గన్నేరు కొమ్మలను వీధిలో తిరిగే ఆవులకు అందనిచోట పూడ్చివేయాలి.