మొగ దగ్గర ఉల్లంకి పిట్టలను చూడడం ఎలా?

సెప్టెంబర్ వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లాలో పక్షుల మాట తేలినీలాపురం పక్షుల కేంద్రం దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. ‘సైబీరియా అతిథులు’ అని రాస్తుంటారు గానీ, అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, రంగు కొంగలు మన ఉపఖండంలోనే పుట్టి పెరిగేవి. ఉత్తర ధ్రువం అంచుల నుంచి వచ్చే అసలు బాటసారులు ఉల్లంకి పిట్టలు, అంటే శాండ్‌పైపర్లు, వాటి చుట్టాలు. అవి నది సముద్రంలో కలిసే మొగల్లో, బురద మేటల మీద దిగుతాయి. వాటిలో ఒకటైన లిటిల్ స్టింట్ ఊరపిచ్చుకంత ఉంటుంది, బరువు 30 గ్రాములకు అటూ ఇటూ. బురద రంగులో ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. దాన్ని చూడాలంటే కాస్త పద్ధతి తెలియాలి.

ఎక్కడికి వెళ్లాలి?

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. విజయనగరం వైపు వాళ్లకు చంపావతి కలిసే కోనాడ ఉంది. కొత్తవాళ్లకైతే భావనపాడు, నౌపడా వైపు మంచిదంటాను. అక్కడ ఉప్పుమడుల గట్ల మీద నిలబడి, కాలికి బురద అంటకుండా చూడొచ్చు. మడుల్లో పని చేసేవాళ్లను ఒక మాట అడిగి గట్టు ఎక్కండి.

గడియారం కాదు, పోటు చూసుకోండి

పక్షులంటే తెల్లవారుజామునే వెళ్లాలనుకుంటాం. మొగలో ఆ లెక్క పనిచేయదు. ఈ పిట్టలకు తిండి బురదలోని పురుగులు, చిన్న గుల్లలు. నీరు తీస్తేనే అవి అందుతాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం). వాటి వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

నీరు పూర్తిగా తీసినప్పుడు వెళ్తే మేట అంతా బయటపడి, పిట్టలు ఎక్కడో దూరాన చెల్లాచెదురుగా ఉంటాయి. పోటు ఎక్కడం మొదలయ్యాక వెళ్లండి. నీరు పైకొచ్చేకొద్దీ మేట తరిగి, పిట్టలు తింటూ తింటూ ఒడ్డు వైపు, అంటే మీ వైపు, జరుగుతాయి. కదలకుండా కూర్చుంటే చాలు. పోటు నిండాక అవి ఇసుక దిబ్బల మీదకో ఉప్పుమడుల్లోకో చేరి ఒంటికాలి మీద నిలబడతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖ, శ్రీకాకుళం తీరాన నీటి మట్టం దాదాపు ఒకటిన్నర మీటరు మారుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా బాగా తగ్గుతుంది.

విశాఖపట్నం పోటు వేళలు ఫోన్‌లో దొరుకుతాయి. కానీ మొగ లోపలికి పోటు కాస్త ఆలస్యంగా చేరుతుంది. “పోటు ఎప్పుడెక్కుద్ది బాబాయ్?” అని వలలు బాగుచేసుకుంటున్న వాళ్లను అడగడమే నయం. ఏ దిబ్బ చుట్టూ నీరు కమ్ముకుంటుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో కూడా చెబుతారు. వాళ్లు వద్దన్న చోటికి వెళ్లకండి.

ఇంకో చిక్కు వరద. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని వార్త వస్తే, ఆ నాలుగు రోజులు కళింగపట్నం మానుకోండి. పాటు వేళ కూడా మేట బయటపడదు. తుపాను హెచ్చరిక ఉంటే అసలు ఆలోచనే వద్దు. 2021లో గులాబ్ తుపాను తీరం దాటింది సెప్టెంబర్ 26న, కళింగపట్నం దగ్గరే.

వెలుతురు

మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో కొట్టి, పిట్టలన్నీ నల్లగా కనిపిస్తాయి. సాయంత్రం పోటు ఎక్కే రోజు దొరికితే వదలకండి.

ఏది ఏ పిట్ట?

8×42 బైనాక్యులర్ సరిపోతుంది. టెలిస్కోపు తర్వాత చూసుకోవచ్చు. మొదటి రోజే రంగులు పట్టుకుని పేర్లు తేల్చాలని టెన్షన్ పడొద్దు. చాలావాటి రంగు బూడిద, గోధుమల మధ్యే. ముందు నడక చూడండి. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, ఒకసారి పొడిచి మళ్లీ పరుగెత్తితే అది ప్లోవర్. తల ఎత్తకుండా కుట్టుమిషన్ సూదిలా గబగబా పొడుస్తుంటే స్టింట్. ఒంటరిగా ఒడ్డున తిరుగుతూ తోక పైకీ కిందికీ ఆడిస్తుంటే కామన్ శాండ్‌పైపర్.

తర్వాత ముక్కు, కాళ్లు. ముక్కు కిందికి వంగి, తల మీద చారలుంటే విమ్‌బ్రెల్. చారలు లేకుండా, ముక్కు అంతకన్నా చాలా పొడవుంటే కర్లూ. నారింజ ఎరుపు కాళ్లు, ఎగిరినప్పుడు రెక్క వెనక అంచున తెల్ల పట్టీ ఉంటే రెడ్‌షాంక్. ఇది మహా గొడవ పిట్ట. మిమ్మల్ని చూడగానే అరిచి మేట మొత్తాన్ని లేపేస్తుంది. తీతువూ అంతే.

సెప్టెంబర్‌లో వెళ్లడానికి ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. ధ్రువ ప్రాంతాల పిట్టల్లో సాధారణంగా పెద్దవి ముందు వస్తాయి, ఆ ఏడాది పిల్లలు తర్వాత వస్తాయి. ముందొచ్చిన కర్లూ శాండ్‌పైపర్ల (పైన చెప్పిన కర్లూ వేరు) పొట్ట మీద గూడు కట్టే కాలపు ఇటుక రంగు ఇంకా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆలస్యమైతే అదీ రాలిపోయి అన్నీ బూడిదే.

దగ్గరికి ఎంతవరకు?

తినడం ఆపి తలలెత్తాయంటే అక్కడే ఆగండి. ఇంకో అడుగు వేస్తే గుంపు లేచిపోతుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవాటికి ఈ కొద్ది గంటల తిండే ఆధారం, వాటిలో చాలావి ఇంకా దక్షిణానికి పోవాలి. ఫొటో కోసం గుంపును లేపేవాళ్లతో నేనైతే రెండోసారి వెళ్లను. కుక్కను తీసుకెళ్లొద్దు. ముదురు రంగు చొక్కా, టోపీ, నీళ్ల సీసా చాలు.

లెక్క రాసుకునేటప్పుడు ముందు పది పిట్టలు ఎంత మేర ఉన్నాయో కంటితో కొలిచి, అలాంటి ముక్కలు ఎన్నో చూడండి. చోటు, తేదీతో పాటు పోటు ఎక్కుతోందో తీస్తోందో కూడా రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. పేరు తేలని పిట్టను ‘తెలియదు’ అనే రాయండి.